చేపలు ఎందుకు చనిపోతున్నాయో ఎలా కనిపెట్టాలి

చెరువులో ఒక్కసారిగా చేపలు తేలాయంటే గట్టు మీద చేరినవాళ్ల నోట మొదట వచ్చే మాట "ఎవరో మందు కలిపారు". అది నిజం కావచ్చు. కానీ నిలవ నీటిలో చేపలు మూకుమ్మడిగా చావడానికి చాలాసార్లు కారణం నీటిలో ఆక్సిజన్ పడిపోవడం. ఆ ఆక్సిజన్ ఎందుకు పడిపోయిందని ఆరా తీస్తే మళ్లీ కాలుష్యం దగ్గరికే వస్తాం: మురుగు, ఎరువులు, కుళ్లుతున్న వ్యర్థాలు. అయినా సరే, చేపలు విషం వల్ల చస్తున్నాయా, ఊపిరాడక చస్తున్నాయా అన్నది ముందు తేలాలి. రెండింటికీ చేయాల్సిన పని వేరు. ఒకదానికి చేసేది ఇంకోదానికి చేస్తే మిగిలిన చేపలు కూడా దక్కకపోవచ్చు.

పైగా నీళ్లలో ఆధారాలు ఎక్కువసేపు నిలవవు. ఎండెక్కితే ఆక్సిజన్ పెరుగుతుంది. పారే నీటిలో విషం కిందికి కొట్టుకుపోతుంది. చచ్చిన చేప కొన్ని గంటల్లోనే పరీక్షకు పనికిరాకుండా పోతుంది. మధ్యాహ్నం ఎప్పుడో తీరిగ్గా వచ్చి కొలిస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే కింద చెప్పిన పనులు అదే వరుసలో, వెంటనే మొదలుపెట్టండి. ఇద్దరుంటే ఒకరు చూస్తూ ఇంకొకరు రాసుకోండి.

ఒక జాగ్రత్త. నీటిలో ఏముందో తెలియదు కాబట్టి చేతులకు గ్లౌజులు వేసుకోకుండా దిగవద్దు. ఘాటైన వాసన వస్తుంటే గాలి వీచే వైపు నుంచి వెళ్లండి. పశువులనూ పిల్లలనూ దూరంగా ఉంచండి.

ముందు టైమ్ చూడండి

చేపలు ఇబ్బంది పడటం ఎప్పుడు మొదలైంది? సగం సంగతి ఈ ప్రశ్నతోనే తేలిపోతుంది. నీటిలోని నాచు, కంటికి ఆనని ప్లవకాలు పగలు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తాయి. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది, పైగా అవి కూడా చేపలతో పాటే ఆక్సిజన్ వాడుకుంటాయి. కాబట్టి చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఆ వేళకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, ఎండెక్కాక మళ్లీ లోపలికి వెళ్లిపోతున్నాయంటే అది దాదాపుగా ఆక్సిజన్ సమస్యే.

మంచి ఎండలో, పట్టపగలు, ఉన్నట్టుండి చేపలు ఎగిరిపడి, గిరగిరా తిరిగి, వెల్లకిలా పడి చస్తుంటే విషాన్ని అనుమానించాలి. అలా కాకుండా రోజూ కొన్ని చొప్పున రోజుల తరబడి చస్తూ, ఒంటి మీద పుండ్లు, కుళ్లిన రెక్కలు కనిపిస్తుంటే జబ్బు వైపు చూడాలి. ఇది కచ్చితమైన తీర్పు కాదు, మొదటి అంచనా మాత్రమే.

గత వారం రోజుల్లో ఏం జరిగిందో కూడా రాసుకోండి. ఎండలు ముదిరాయా? మబ్బు పట్టి రోజుల తరబడి ఎండ లేదా? పెద్ద వాన పడి కొత్త నీళ్లు వచ్చాయా? చుట్టుపక్కల పొలాల్లో పురుగుమందు కొట్టారా? చెరువులో కలుపు చావడానికి ఏమైనా చల్లారా? వేడి సంగతి చాలామంది పట్టించుకోరు. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు దిగిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. చలికాలంలో చెరువు తట్టుకున్న మురుగునే ఎండాకాలంలో తట్టుకోలేకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కలుపు మందు విషయం కొంచెం విడమరచి చెప్పాలి. మందు చల్లిన రోజు చాలాసార్లు చేపలకు ఏమీ కాదు. నాచు, కలుపు మొక్కలు ఒక్కసారిగా చచ్చి కుళ్లడం మొదలయ్యాక, ఆ కుళ్లును తినే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. అంటే చేపలు చచ్చేది కొన్ని రోజుల తర్వాత. అప్పటికి మందు చల్లిన సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే వారం రోజుల వెనక్కి అడగమంటున్నాను.

ఏవి చచ్చాయి, ఏవి బతికాయి

చచ్చిన చేపలను లెక్కపెట్టేముందు బతికినవాటిని చూడండి. ఎక్కువ సమాచారం వాటి దగ్గరే ఉంటుంది.

ఆక్సిజన్ తగ్గినప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, చిన్నవి కాసేపు నిలదొక్కుకుంటాయి. కొర్రమీను, మార్పు లాంటి చేపలు పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి మిగతావన్నీ చచ్చినా అవి బతికి ఉంటాయి. విషం కలిస్తే ఈ తేడాలు చెరిగిపోతాయి. చిన్నా పెద్దా కలిసి చస్తాయి, తరచుగా చిన్నవే ముందు పోతాయి, గాలి పీల్చే చేపలూ తప్పించుకోలేవు. కప్పలు, పీతలు, నత్తలు కూడా చచ్చి పడున్నాయేమో చూడండి.

తర్వాత పురుగులు. దోమ పిల్లలు, నీటిపై పరుగెత్తే పురుగులు, పైకొచ్చి గాలి తీసుకుని మళ్లీ మునిగే నీటి పెంకుపురుగులు నీటిలోని ఆక్సిజన్ మీద ఆధారపడవు. చేపలు చచ్చినా ఇవి హాయిగా తిరుగుతుంటే పురుగుమందు కలిసి ఉండకపోవచ్చు. ఇవి కూడా చచ్చి ఒడ్డుకు చేరి ఉంటే, రొయ్యలు చేపల కంటే ముందే చచ్చి ఉంటే, పురుగుమందు మీద అనుమానం గట్టిపడుతుంది. రొయ్యలూ పురుగులూ ఒకే పెద్ద తెగకు చెందినవి. పురుగును చంపడానికి తయారుచేసిన మందు రొయ్యను వదలదు. పైరెత్రాయిడ్ రకం మందులు మనుషులకు, పశువులకు పెద్దగా హాని చేయవన్న పేరుతో అమ్ముడవుతాయి గానీ, చేపలకూ రొయ్యలకూ అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. శుభ్రమైన గాజు సీసాలో చెరువు నీళ్లు తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న చెరువైతే గసగసల కంటే చిన్న తెల్లటి చుక్కలు కుదుపులతో పైకీ కిందికీ కదులుతూ కనిపిస్తాయి. అవి డాఫ్నియా లాంటి జంతు ప్లవకాలు, చేపపిల్లలకు ముఖ్యమైన తిండి. అరనిమిషం పాటు కదలకుండా చూడండి. నీళ్లు పచ్చగానే ఉండి, ఒక్క చుక్క కూడా కదలకుండా, అడుగున సన్నటి తెల్లటి నలుసులు పేరుకుని ఉంటే పురుగుమందు అనుమానం ఇంకాస్త బలపడుతుంది.

ఒకే జాతి చేపలు చస్తే జబ్బే అనుకోవడం సాధారణం. చాలావరకు నిజమే గానీ ఎప్పుడూ కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాగుల్లో వాన పడినప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయేవి, పక్కనే ఉన్న చమ్ సాల్మన్లకు ఏమీ అయ్యేది కాదు. కారణం 2020లో బయటపడింది. టైర్లు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే పదార్థంగా మారి, రోడ్ల మీద నుంచి వాన నీటితో వాగుల్లోకి చేరుతోంది. అతి కొద్ది మోతాదే కోహోకు చాలు. రోడ్ల నీరు నేరుగా చేరే చోట ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి.

మొప్పలు తెరిచి చూడండి

కొన ఊపిరితో ఉన్న చేప, లేదా అప్పుడే చచ్చిన చేప ఒకటి తీసుకోండి. మొప్ప మీద ఉన్న మూతను బొటనవేలితో పైకెత్తండి. ఆరోగ్యమైన చేపలో మొప్పలు నిగనిగలాడే ఎర్రటి రంగులో, పోగులు విడివిడిగా, పల్చటి తడితో కనిపిస్తాయి.

మొప్పలు ముదురు గోధుమ రంగులోకి మారి, తోక దగ్గర చిన్న గాటు పెడితే వచ్చే రక్తం కూడా గోధుమ రంగులో ఉంటే నీటిలో నైట్రైట్ (వ్యర్థాల అమ్మోనియా నుంచి ఏర్పడే పదార్థం) ఎక్కువైనట్టు. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ను మెట్‌హిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది, అది ఆక్సిజన్‌ను మోయలేదు. నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేప ఊపిరాడక గిలగిలలాడుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తక్కువని ఎయిరేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) వేసి, ఎంతకీ ఫలితం లేక తల పట్టుకునేది ఇలాంటి చోటే. మొప్ప ఎత్తి చూడటానికి పది సెకన్లు కూడా పట్టదు.

చచ్చిన చేప మొప్పలు మామూలు కంటే మరీ ఎర్రగా ఉంటే సైనైడ్ అనుమానం. ఇక్కడ రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని కణాలు వాడుకోలేవు. మొప్పల మీద మందపాటి జిగురు పేరుకుని, పోగులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే రాగి, జింకు లాంటి లోహాలు గానీ, ఆమ్ల స్వభావం ఉన్న నీరు గానీ, క్లోరిన్ గానీ మంటపెట్టి ఉండాలి. మొప్పల సందుల్లో సన్నటి మట్టి ఇరుక్కుని ఉంటే తవ్వకాల దగ్గర నుంచో, నిర్మాణ పనుల దగ్గర నుంచో వచ్చిన బురద నీరు కారణం కావచ్చు. ఆక్సిజన్ తగ్గి చచ్చిన చేప నోరు బాగా తెరుచుకుని, మొప్ప మూతలు విచ్చుకుని ఉంటుంది.

వెన్నెముక వంకర తిరిగి, పక్క రెక్కలు ముందుకు బిగుసుకుపోయి ఉంటే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు గుర్తుకు రావాలి. అది నరాల సంకేతాలను ఆపే ఎంజైమును అడ్డుకుంటుంది. కండరాలు బిగుసుకున్నవి మళ్లీ వదలవు.

గట్టు మీదే కొలవాల్సినవి

ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఈ మూడూ సీసాలో పెట్టి తర్వాత కొలిచేవి కావు. అక్కడికక్కడే చూడాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీవో మీటర్ లేకపోతే, రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతి కిట్లు దొరుకుతాయి. 1888లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ నమ్మదగినదే. పైపైన ఒకసారి, అడుగుకు దగ్గరగా ఒకసారి కొలవండి. పైన బాగుండి అడుగున సున్నాకు దగ్గరగా ఉండటం లోతైన చెరువుల్లో మామూలే. ఈదురు గాలికో పెద్ద వానకో ఆ రెండు పొరలూ కలిస్తే మొత్తం చెరువు ఒక్కసారిగా దెబ్బతింటుంది. అప్పుడు కోడిగుడ్డు కుళ్లిన వాసన రావడం, నీళ్లు నల్లబడటం చూస్తారు.

వెచ్చటి నీటి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే దిగులు లేదు. మూడుకు దిగితే మేత మానేస్తాయి, నీరసిస్తాయి. రెండు లోపు చాలాసేపు ఉంటే చావులు మొదలవుతాయి. ట్రౌట్ లాంటి చల్లటి నీటి చేపలకు ఇంకా ఎక్కువ కావాలి.

అమ్మోనియా కొలిచినప్పుడు ఆ అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలుంటాయి, చేపను చంపేది ప్రధానంగా వాటిలో ఒకటే. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ విష రూపం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు 5 శాతం. 9 అయితే మూడో వంతు దాటిపోతుంది. అంటే అదే చెరువు, అదే అమ్మోనియా, ఉదయం ఏమీ చేయనిది మధ్యాహ్నం చంపగలదు. ఎందుకంటే పచ్చటి చెరువులో పీహెచ్ పగలు ఎక్కి రాత్రి దిగుతుంది. ఈ లెక్క తెలియకనే కొందరు చేపలు ఇబ్బంది పడుతున్నాయని సున్నం చల్లుతారు. సున్నం పీహెచ్‌ను పెంచుతుంది. అమ్మోనియా ఉన్న నీటిలో సున్నం వేయడమంటే ఉన్న విషానికి పదును పెట్టడమే. దయచేసి కొలవకుండా చల్లకండి.

నురగను కూడా పరీక్షగా చూడండి. ఆకులు, నాచు కుళ్లడం వల్ల వచ్చే సహజమైన నురగ కొద్దిగా గోధుమ రంగులో, మట్టి వాసనతో, గాలి వాటున ఒడ్డుకు చేరుతుంది. సబ్బు నురగ తెల్లగా, పరిమళం వాసనతో, కాలువ కలిసే చోటే ఎక్కువగా ఉంటుంది. డిటర్జెంట్ చేప మొప్పల మీది రక్షణ పొరను కడిగేస్తుంది.

నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే కంగారు పడేముందు ఒక పుల్లతో దాన్ని కదపండి. పెంకుల్లాగా ముక్కలై విడిపోయి అలాగే ఉంటే అది ఇనుము మీద బతికే బ్యాక్టీరియా పొర, ప్రమాదం లేదు. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోయి సుడులు తిరిగితే నూనె, డీజిల్ లాంటిది.

నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే మామూలు నాచా, నీలి ఆకుపచ్చ నాచా తేల్చుకోవాలి. పుల్ల ముంచి తీస్తే పోగులు పోగులుగా చుట్టుకుని వచ్చేది మామూలు పీచు నాచు. పెయింట్ ఒలికినట్టు పుల్లకు పూతలా అంటుకునేది నీలి ఆకుపచ్చ నాచు, అసలు పేరు సయనోబ్యాక్టీరియా. దీని రకాలు కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషాలను వదులుతాయి. ఆ నీరు మరిగించినా మైక్రోసిస్టిన్ అనే విషం పోదు. పశువులను, కుక్కలను తాగనివ్వకండి, చేత్తో ముట్టకండి.

ఇంత నాచు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే కెనడాలోని ఒంటారియోలో 1973లో జరిగిన ప్రయోగం చూడాలి. డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును మధ్యలో తెరతో రెండుగా విడదీసింది. రెండు వైపులా కర్బనం, నైట్రోజన్ కలిపారు, ఒక వైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా చేర్చారు. ఫాస్ఫరస్ పడిన వైపు నీరు చిక్కటి ఆకుపచ్చగా మారింది, రెండో వైపు మామూలుగా ఉండిపోయింది. మీ చెరువులోకి మురుగు, డిటర్జెంట్, ఎరువు, పశువుల పేడ ఎక్కడ చేరుతున్నాయో చూడమనేది ఇందుకే. రాత్రుళ్లు ఆక్సిజన్‌ను లాగేసే నాచుకు మేత అదే.

నమూనాలు తీయడం

కొలతలు అయిన వెంటనే నమూనాలు. మూడు చోట్ల నీళ్లు పట్టండి: చేపలు బాగున్న ఎగువన, అనుమానం ఉన్న కాలువ కలిసే చోట, చేపలు చస్తున్న దిగువన. ఎగువ నమూనా లేకపోతే తతిమ్మా రెండిటికీ విలువ ఉండదు, పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి.

పురుగుమందుల పరీక్షకు గాజు సీసా వాడండి, ముదురు రంగుదైతే మేలు. లోహాల పరీక్షకు ప్లాస్టిక్ సీసా. సీసాను అదే నీటితో కడగాలా వద్దా అన్నది ల్యాబ్ ఇచ్చిన సీసాను బట్టి ఉంటుంది, లోపల ముందే ఆమ్లం పోసి ఇస్తే కడగకూడదు. నిండుగా, గాలి బుడగ లేకుండా పట్టి, మూత బిగించి, వెంటనే ఐస్ పెట్టెలో చీకట్లో పెట్టండి. మురుగు తీవ్రత చెప్పే బీవోడీ పరీక్షలో నీటిని 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకుందో చూస్తారు. నమూనా ఆలస్యంగా చేరితే ఆ పని దారిలోనే సగం అయిపోతుంది. ఆ రోజే అందించండి.

చేపల్లో కొన ఊపిరితో ఉన్నవాటిని ఎంచుకోండి. కళ్లు తెల్లబడి, మొప్పలు పాలిపోయి, పొట్ట ఉబ్బిన చేప దేనికీ పనికిరాదు. పురుగుమందు కోసమైతే అల్యూమినియం రేకులో, లోహాల కోసమైతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఐస్‌లో పెట్టండి. జబ్బు అనుమానం ఉంటే మాత్రం గడ్డకట్టించకూడదు, కణజాలం చెడిపోతుంది. ప్రతి సంచి మీద చోటు, తేదీ, టైమ్, తీసినవారి పేరు పెన్సిల్‌తో రాయండి. ఇంకు తడికి చెరిగిపోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. నీటి కాలుష్యం చూసే అధికారులకు, మత్స్యశాఖకు వెంటనే చెప్పండి. వాళ్లు వచ్చేసరికి ఈ నమూనాలు తప్ప ఇంకేమీ మిగలకపోవచ్చు.

నీళ్లకు ఎదురు నడవండి

వాగు, కాలువ అయితే దిగువ నుంచి ఎగువకు నడుస్తూ, చావులు ఎక్కడ ఆగిపోయాయో కనిపెట్టండి. ఆ హద్దుకు దగ్గరలోనే కాలుష్యం కలిసిన చోటు ఉంటుంది. గొట్టాలు, మోరీలు, రంగు మారిన రాళ్లు, మాడిపోయిన గడ్డి చూడండి. రంగును మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర సాండోజ్ గోదాములో మంటలు లేచినప్పుడు, ఆర్పడానికి పోసిన నీటితో పాటు పురుగుమందులు రైన్ నదిలోకి చేరాయి. నది ఎర్రగా మారింది, వందల కిలోమీటర్ల మేర ఈల్ చేపలు చచ్చాయి. ఎరుపు ఒక రంగు పదార్థం వల్ల వచ్చింది, చంపింది పురుగుమందులు. మంటలార్పిన నీరు కూడా కాలుష్యమే అవుతుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఎగువా దిగువా చెరో చోట అడుగున ఉన్న రాళ్లు తిప్పి చూడండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. నీటిని కొలిస్తే ఆ క్షణం సంగతి మాత్రమే తెలుస్తుంది. రాయి కింది పురుగులు నెలల తరబడి అక్కడే ఉంటాయి కాబట్టి గడిచిన కాలమంతా వాటి మీద కనిపిస్తుంది. రాయిని నెమ్మదిగా ఎత్తి తెల్లటి పళ్లెంలో కడగండి. మూడు తోకలుండి పొట్టకు రెండు పక్కలా చిన్న మొప్పలు ఆడిస్తున్నవి మేఫ్లై పిల్లలు. రెండు తోకలున్నవి స్టోన్‌ఫ్లై పిల్లలు. ఇసుక రేణువులు, పుల్లలు అతికించి కట్టుకున్న చిన్న గొట్టంలో ఉండేది కాడిస్‌ఫ్లై. ఈ మూడూ ఉన్నాయంటే నీరు చాలాకాలంగా బాగున్నట్టు. అవి లేకుండా ఎర్రటి సన్నని పురుగులు, బురదలో తల దూర్చి తోక ఊపే ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రమే కుప్పలుగా ఉంటే అక్కడ మురుగు చాలాకాలంగా చేరుతోంది. వాటి ఎరుపు హిమోగ్లోబిన్ వల్లే, ఆక్సిజన్ లేని చోట బతకడానికి అది వాటికి తోడ్పడుతుంది. ఏ పురుగూ లేకుండా రాళ్లు శుభ్రంగా ఉండటం అన్నిటికంటే చెడ్డ గుర్తు, విషం పారిన చోట అలా ఉంటుంది.

బతికున్న చేపలను కాపాడుకోవడం

ఆక్సిజన్ తక్కువైతే ముందు మేత ఆపండి. ఎయిరేటర్లు వేయండి, లేకపోతే పంపుతో నీళ్లు తోడి అదే చెరువులో ఎత్తు నుంచి చిమ్మండి. రాత్రి పది దాటాక మొదలుపెట్టి ఎండెక్కేదాకా ఆపకూడదు. అడుగు బురదను కదిలించవద్దు.

నైట్రైట్ అయితే ఉప్పు పనిచేస్తుంది, ఎందుకంటే మొప్పల దగ్గర క్లోరైడ్, నైట్రైట్ ఒకే ద్వారం కోసం పోటీ పడతాయి. నైట్రైట్‌కు కనీసం పది రెట్లు క్లోరైడ్ ఉండేలా చూసుకోవాలి. ఉప్పులో సుమారు 60 శాతం క్లోరైడ్. నైట్రైట్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండి, నీటిలో క్లోరైడ్ దాదాపు లేదనుకుంటే, వెయ్యి చదరపు మీటర్ల వైశాల్యం, మీటరు లోతు ఉన్న చెరువుకు 33 కిలోలు పడుతుంది. నీళ్లలో కరిగించి చెరువంతా చల్లండి.

అమ్మోనియాకు నీళ్లు మార్చడం, మేత తగ్గించడం తప్ప తొందరగా పనిచేసే దారి లేదు. పురుగుమందు అయితే కలిసే చోటును మట్టితో కట్టేసి మంచి నీటితో పలచబరచాలి. కుళాయి నీళ్లు మాత్రం నేరుగా వదలకండి, మనం తాగే నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. చచ్చిన చేపలను వెంటనే తీసేయండి, కుళ్లితే ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది. నీటికి దూరంగా లోతుగా పూడ్చండి. వాటిని అమ్మవద్దు, కోళ్లకూ పందులకూ వేయవద్దు.

చావకుండానే తగ్గిపోయే చేపలు

తేలిన చేపల గురించి అందరూ మాట్లాడతారు. అసలు పుట్టని చేపల గురించి ఎవరూ మాట్లాడరు, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఏడాదికి ఒకసారి వల వేసి చేపలను సైజుల వారీగా లెక్కపెట్టండి. పెద్దవి కనిపిస్తూ పిల్లలు కనిపించకపోతే గుడ్ల దశలోనే ఏదో అడ్డుపడుతోంది. ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5 దగ్గరికి వస్తే చాలా జాతుల గుడ్లు పొదగవు. సన్నటి బురద పేరుకుంటే గులకరాళ్ల మధ్య ఉన్న గుడ్లకు ఊపిరాడదు. ఒంటారియోలోనే 260 నంబరు సరస్సులో 2001 నుంచి మూడేళ్లు గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజన్‌ను లీటరుకు ఐదారు నానోగ్రాముల చొప్పున కలిపి చూశారు. మగ ఫ్యాట్‌హెడ్ మినో చేపల్లో ఆడ చేపల ప్రొటీన్ తయారైంది, ఆ జాతి సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నీటి పైన చచ్చిన చేపలు కుప్పలుగా తేలలేదు.

ఆ చేపలు తినొచ్చా

పాదరసం ఉన్న నీటి చేప చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. బురదలోని బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది, అది ప్లవకం నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోగుపడుతూ పోతుంది. జపాన్‌లోని మినమాటాలో చిస్సో కర్మాగారం వదిలిన మిథైల్ మెర్క్యురీ చేరిన చేపలు తిన్న పిల్లులు ముందు పిచ్చెక్కినట్టు చచ్చాయి. మనుషుల్లో ఆ జబ్బును 1956లో గుర్తించారు, కారణాన్ని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఈ విషం కండలో ఉంటుంది కాబట్టి కడిగినా, వండినా, చర్మం తీసినా పోదు. పీసీబీల (ఒక రకం పారిశ్రామిక రసాయనాలు) లాంటివి కొవ్వులో ఉంటాయి, చర్మం, కొవ్వు తీసేస్తే కొంత తగ్గుతాయి. ఫ్యాక్టరీల నీరు చేరే చోట ఇతర చేపలను వేటాడి తినే పెద్ద చేపలను మానేయండి. గర్భిణులకు, పిల్లలకు అసలే పెట్టవద్దు.

మళ్లీ చేపలు వదిలేముందు

నీరు తేటపడిందని పిల్లలను తెచ్చి వదిలేయవద్దు. ముందు రెండు చిన్న వల పంజరాల్లో కొన్ని పిల్లలను ఉంచి 96 గంటలు చూడండి. ప్రయోగశాలల్లో చేపల మీద విష ప్రభావం చూసే ప్రామాణిక గడువు కూడా అదే. పంజరాల్లో ఒకటి పైన, ఒకటి అడుగుకు దగ్గరగా కట్టండి. ఈ నాలుగు రోజులూ తెల్లవారుజామున ఆక్సిజన్, మధ్యాహ్నం పీహెచ్ కొలిచి రాయండి. తెలుపు నలుపు పలక ఒకటి, 20 సెంటీమీటర్ల వెడల్పుతో, తాడుకు కట్టి నీటిలోకి దించండి. నాచు వల్ల అది 20 సెంటీమీటర్ల లోతుకే కనిపించకుండా పోతుంటే రాత్రి ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఇంకా ఉంది, ఆగండి. పంజరాల్లో పిల్లలు చురుగ్గా మేత తింటూ, సీసాలో తెల్లటి చుక్కలు మళ్లీ కదులుతూ కనిపిస్తే మిగతా పిల్లలను సాయంత్రం చల్లబడ్డాక, ఎయిరేటర్ వేసి ఉంచి, విడతలుగా వదలండి.